గ్రైండర్ ఆగిన తర్వాత

మా ఇంట్లో గ్రైండర్ ఆగిందంటే నేను వెనక తలుపు వైపు చూస్తాను. పిండి తీసే అమ్మ అది కనిపెట్టి, "ఎవురు వస్తారని చూస్తా ఉండావు?" అని అడిగేది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. ఈమధ్య అడగడం మానేసింది. తను కూడా ఒకసారి అటు చూసి మళ్ళీ పనిలో పడుతుంది. మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. నాకు దయ్యాల మీద నమ్మకమూ లేదు. అయినా చూస్తాను. ఈ అలవాటు నాకు డాక్టరైన మొదటి ఏడాదే అంటుకుంది.

పశువైద్యం చదువు ముగించుకుని తమిళనాడులోని మా ఊరు రాజపాళయం తిరిగొచ్చి, సేత్తూరు పోయే రోడ్డు మీద పంక్చర్ షాపు పక్కన ఒక గది అద్దెకు తీసుకున్నాను. బోర్డు మీద నా పేరు కన్నా డిగ్రీ అక్షరాలు పొడుగు. లోపల ఒక స్టీలు బల్ల, మందుల అలమర, ప్లాస్టిక్ కుర్చీలు, వీటన్నిటి కన్నా ఎక్కువ చోటు ఆక్రమించుకున్న నా ఖాళీ సమయం. మొదట వచ్చిన బేరం చోళపురం మేక. బైక్ మీద ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన మనిషి నన్ను చూశాడు, బల్ల చూశాడు, మళ్ళీ నన్ను చూసి, "డాక్టర్ ఎప్పుడు వస్తాడమ్మా?" అన్నాడు.

"వచ్చి నీ ముందర దా నిలబడి ఉండాది" అన్నాను. మా ఊరి తెలుగులో ఏదైనా ఒత్తి చెప్పాలంటే మాట పక్కన 'దా' తగిలిస్తాం.

మేక కడుపుబ్బరం తగ్గించి పంపేటప్పుడు, "పరవాలేదు, ఆడపిల్లైనా చెయ్యి మంచి చెయ్యి" అని మెచ్చుకుని మరీ పోయాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మావాళ్ళు అనేది ఊరికే కాదు. ఆ ఏడాది ఆ ముక్కుకు తీరికే లేదు. కాలేజీలో ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగితే ఎలా సరిచెయ్యాలో నేర్పారు. ఆవును తెచ్చినవాడు అడ్డం తిరిగితే ఏం చెయ్యాలో మాత్రం నేర్పలేదు.

ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. బజార్లో సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్న మనిషి. వాళ్ళ ఇంటి కుక్కకు ఊసి వెయ్యాలన్నాడు. మా ఊళ్ళో సూదిమందును తెలుగువాళ్ళం కూడా ఊసి అనే అంటాం.

"ఏ ఊసి? వెర్రికా?" అని అడిగాను.

కాదన్నాడు. తర్వాత, "పోయేదానికి" అన్నాడు.

ప్రాణం తీసే ఆ మందు నేను అప్పటిదాకా ఒంటరిగా ఏ జంతువుకూ వెయ్యలేదు. చదువుకునేటప్పుడు సార్ పక్కన నిలబడి చూశాను, అంతే. సీసా సంచిలో పెట్టుకుని స్కూటర్ తీశాను. దారి పొడుగునా ఆ సీసా మిగతా సీసాలకు తగిలి చప్పుడు చేస్తూనే ఉంది.

మా ఊరి కుక్క అంటే లోకానికి తెలుసు. తెల్లగా, పొడుగు కాళ్ళతో, గులాబి ముక్కుతో ఉంటుంది. ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో మనిషి తన గొప్ప తాను చెప్పుకుంటే నవ్వుతారు, కుక్క గొప్ప చెప్పుకుంటే కూర్చుని వింటారు. ఆ గొప్పల్లో మొదటిది, ఈ కుక్క యజమాని ఒక్కడి మాటే వింటుందని. ఇంట్లో పదిమంది ఉన్నా పదిమందీ పిలిచినా చెవి కూడా కదపదట. నేను కూడా ఆ మాట వింటూనే పెరిగాను. నిజమే అనుకున్నాను కూడా.

ఆ ఇంటి వాకిట్లోనే కొడుకు నన్ను ఆపి విషయం చెప్పాడు. ఇంటి వెనక షెడ్డులో వాళ్ళ నాన్న తరులు, అంటే మరమగ్గాలు, పెట్టి ఆస్పత్రులకు కట్టు గుడ్డ నేసేవాడు. కొన్ని నెలల కింద గుండె ఆగి పోయాడు. కొడుక్కి నేత రాదు, ఓపికా లేదు. పెద్దకర్మ అయిన కొద్ది రోజులకే మగ్గాలు అమ్మేసి షెడ్డుకు తాళం వేశాడు. కుక్క మొదట్లో తిండి తినకుండా పడుకునేది. అది ఎవరైనా చెప్పగలిగేదే. కానీ తర్వాత మొదలైంది అసలు సంగతి. దినమూ మధ్యాహ్నం పోయి నాన్న వాలుకుర్చీ పక్క గోడకు గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంటుంది. సాయంత్రం కాబోయే వేళకు దిగ్గున లేచి వెనక తలుపు దగ్గరికి పరుగెత్తి, తోక ఊపుతూ, ఎవరి మోకాళ్ళకో ఒళ్ళు రాస్తున్నట్టు అటూ ఇటూ తిరుగుతుంది. అక్కడ ఎవరూ ఉండరు.

"నా ఇంటామె కడుపుతో ఉండాది. చూసి అదిరిపోయినాది. ఇంట్లో పేయి తిరుగుతా ఉండాది, మామ దయ్యమై వచ్చినాడు, కుక్క ఉండేదాకా రానని పుట్టింటికి పోయి కూచున్నాది. సోదికి పోతే కుఱి చెప్పే ఆమె కూడా కుక్క దా పేయిని పిలుస్తా ఉండాదని చెప్పినాది. నేనేం చేసేది డాక్టర్?" అన్నాడు. చెడ్డవాడు కాదు. చెప్తున్నంతసేపూ నా సంచి వైపు చూడలేకపోయాడు.

లోపలికి వెళ్ళాను. హాల్లో పోయినాయన భార్య నేల మీద కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, పెద్ద కళ్ళు. కుక్క ఆమె కాళ్ళ దగ్గర ఉంది. ముందు మా ఇల్లు ఎక్కడ, మా తాత ఎవరు, అమ్మది ఏ వీధి అని అడిగి, లెక్క తేల్చి, "అయితే నువ్వు నాకు మనవరాలి వరస. ఊసి వెయ్యద్దు పాపా" అంది.

"ఏంటికి అవ్వా?"

"వాడు ఉండబట్టి దా" అని కుక్క తల మీద చెయ్యి వేసి, "ఆయన వస్తా ఉండాడు. నాకు కనపడడు. వాడికి కనపడతాడు. వాణ్ణి చూసి నేను తెలుసుకుంటాను, వచ్చినాడని." పక్కన స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. సాయంత్రం ఆ వేళకు కాఫీ కలిపి తలుపు గడప దగ్గర పెడుతుందట. ఆయన ఉన్నప్పుడు కూడా మగ్గాల దగ్గర నుంచి వచ్చీరాగానే అక్కడే నిలబడి తాగేవాడట.

కొడుక్కి కుక్క పోవాలి, తల్లికి కుక్క ఉండాలి. ఇద్దరికీ కారణం ఒకటే. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరికీ కుక్క గురించి పట్టలేదు. ముందు దాన్ని పరీక్ష చెయ్యనివ్వండి అని గట్టిగానే చెప్పి నేల మీద కూర్చున్నాను.

జ్వరం లేదు. గుండె బాగుంది. పళ్ళను బట్టి చూస్తే నడివయసు దాటలేదు. మెదడుకు ఏదైనా సోకిందేమోనని కళ్ళు చూస్తున్నప్పుడు చేతిలోని స్టీలు పళ్ళెం జారి నేల మీద పడింది. కొడుకు ఉలిక్కిపడ్డాడు, అవ్వ ఉలిక్కిపడింది, నేనూ ఉలిక్కిపడ్డాను. నాపరాయి నేల అదిరినందుకేమో కుక్క కాలు ఒకటి కదిపింది, అంతే. చెవి కదపలేదు. నేను దాని వెనక్కి వెళ్ళి చప్పట్లు కొట్టాను. తాళంచెవుల గుత్తి ఆడించాను. ఏమీ లేదు. కాలితో నేల మీద తట్టాను. వెంటనే తలెత్తి నా వైపు చూసింది.

"ఆయన కూడా అట్లే దా కాలు తట్టి పిలిచేవాడు" అంది అవ్వ, మురిసిపోతూ.

దానికో పేరుంది. ఆ పేరును అది పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా వినలేదు. ఈ తెల్ల కుక్కల్లో చాలావాటికి పుట్టు చెవుడు. మా ఊళ్ళో అది అందరికీ తెలుసు, అందరూ పక్కింటి కుక్క గురించే చెప్తారు. సొంత ఇంట్లోని చెవిటి కుక్క మాత్రం ఒక్కడి మాటే వినే కుక్క. ఆ పెద్దాయనకు మాత్రం తెలిసే ఉంటుంది. అందుకే నోరు మెదపకుండా కాలు తట్టాడు. చెవుడని తెలిస్తే ఆ కుక్కపిల్లను ఏ ఇంట్లోనూ ఉంచుకోరు. ఆయన ఉంచుకున్నాడు, ఎవరికీ చెప్పలేదు.

నేను ఇంకా నోరు తెరవకముందే గోడ అవతల, పక్కింట్లో, గ్రైండర్ మొదలైంది. ఆ ఇంటివాళ్ళు ఈమధ్యే దోసెపిండి అమ్మడం మొదలుపెట్టారట. పెద్ద గ్రైండర్, గోడకు ఆనించి పెట్టుకున్నారు. మన ఊళ్ళల్లో గ్రైండర్ చప్పుడును ఎవరు పట్టించుకుంటారు? కాకి అరుపు లాంటిదే. కుక్క లేచింది. తిన్నగా వాలుకుర్చీ పక్కకు వెళ్ళి, గడ్డమూ గొంతూ గోడకు ఆనించి, కళ్ళు మూసుకుంది. నేను దాని పక్కన గోడ మీద అరచెయ్యి పెట్టాను. గోడ సన్నగా వణుకుతోంది.

అర్థమైంది. అర్థమైనందుకు లోపల్లోపల ఎగిరి గంతేశాను కూడా. చదువు అయ్యాక మొదటిసారి నేను నిజంగా డాక్టర్నని అనిపించింది. కానీ చివరిదాకా చూడాలని ఊరుకున్నాను. కొడుకు ఎదురుగా నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. అవ్వ వంటింట్లో పాలు కాస్తోంది.

గ్రైండర్ ఆగింది. అరచేతి కింద గోడ చచ్చుబడింది. కుక్క కళ్ళు తెరిచి ఒక్క దూకులో వెనక తలుపు దగ్గరికి చేరింది. తోక ఊపుతోంది, సన్నగా మూలుగుతోంది, ఒళ్ళంతా ఊగుతోంది, ఎవరో తల నిమురుతున్నట్టు మెడ పైకెత్తి పెడుతోంది. అవ్వ వచ్చి కాఫీ గ్లాసు గడప మీద పెట్టి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని పక్కకు ఒదిగి నిలబడింది, దారి ఇస్తున్నట్టు. కారణం తెలిసి కూడా, అంతా తెలిసి కూడా, నేను ఆ తలుపు వైపు చూశాను. బయట తాళం వేసిన షెడ్డు, దండెం మీద ఒక తువ్వాలు, ఎండ.

నేను చెప్పాను. ముందు చెవుడు సంగతి. కొడుకు ముఖం ఎర్రబడింది. "మా నాయన కుక్కకా? చెవుడా? జిల్లాలో ఎవరినైనా అడిగి చూడండి దాని గురించి" అన్నాడు. ఇంటి ఆడపిల్ల మీద నింద వేసినట్టే మాట్లాడాడు. నేను వాదించలేదు, గోడ దూకినంత పని చేసి పక్కింటికెళ్ళి చెప్పి వచ్చి, ఇవతల నుంచి గ్రైండర్ ఒక్క నిమిషం మళ్ళీ వెయ్యమని కేకేశాను. కుక్క తలుపు వదిలి గోడ దగ్గరికి వచ్చింది. ఆపమన్నాను. తలుపు దగ్గరికి పరుగెత్తింది. మళ్ళీ వెయ్యమన్నాను. మళ్ళీ గోడ. పక్కింటామె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది గానీ స్విచ్ వేసింది.

"దానికి గోడ వణుకు దా తెలుసు. మీ తరులు ఆడినంతసేపూ ఆ వణుకు ఉంటుంది గదా. అదే ఇదనుకుంటా ఉండాది" అని కొడుక్కి చెప్పాను.

అతను గడప మీద కూర్చుండిపోయాడు. "తరులు ఆపేది నాయనే" అన్నాడు. "ఆపినంక దా ఇంటికి వచ్చేవాడు." తర్వాత షెడ్డు వైపు చూసి, "నేను అమ్మేసినాను గదా. అప్పటి నుంచి గోడ ఆగిపోయే దా ఉండాది. అంటే ఈ కుక్క అన్ని దినాలూ, నాయన ఇదో వస్తాడు ఇదో వస్తాడని..." అని, మాట పూర్తి చెయ్యకుండా కుక్క మెడ పట్టుకుని ఏడ్చాడు. నవ్వుతున్నాడా ఏడుస్తున్నాడా అని మొదట నాకు తెలియలేదు.

మందు సీసా సంచిలోనే ఉండిపోయింది. ఇంట్లో పేయి లేదు. కుక్క బతికింది. నేను గెలిచాను. వెళ్ళబోతూ అవ్వ వైపు తిరిగాను. ఆమె గడప మీది కాఫీ గ్లాసు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఉంది.

"అయితే ఇన్ని దినాలూ ఆయన రాలేదా పాపా?" అంది.

చెప్పకుండా ఉంటే కుక్క చచ్చేది. చెప్తే ఆయన ఇంకోసారి చచ్చాడు. స్కూటర్ మీద తిరిగి వస్తుంటే ఆ సీసా మళ్ళీ చప్పుడు చేసింది. నా మొదటి గెలుపు అది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు సంతోషం రాదు.

కోడలు తిరిగొచ్చింది. బిడ్డ పుట్టింది. నా గదికి మనుషులు, మేకలు, కోళ్ళు వరసగా రావడం మొదలైంది. "పేయిని పట్టిన డాక్టరమ్మ" అని ఒక పేరు కూడా వచ్చింది. తిట్టాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను. ఇంతలో పక్కింటివాళ్ళ పిండి వ్యాపారం పెరిగి బస్టాండు వైపు షాపు తీసుకున్నారు. గ్రైండర్ వెళ్ళిపోయింది. కుక్క మళ్ళీ తిండి మానేసింది. పగలూ సాయంత్రం తలుపు దగ్గరే. సెలైన్ పెట్టాను, బలానికి మందులు ఇచ్చాను. నీళ్ళలో పోసినట్టే అయింది.

మరోసారి వెళ్ళినప్పుడు అది గోడకు గడ్డం ఆనించి నిద్రపోతోంది. అవ్వ తనే ఒక గ్రైండర్ కొని వాలుకుర్చీ పక్కన పెట్టించింది. ఉత్తినే ఆడిస్తే రాయి అరిగిపోతుందని దినమూ బియ్యం నానబోసి రుబ్బేది. ఇంట్లో తినేది ముగ్గురు. ఆ వీధిలో ఇడ్లీపిండికి కరువు లేకుండా పోయింది. నేను ఎప్పుడు వెళ్ళినా నా సంచిలో మందులతో పాటు ఒక డబ్బా పిండి ఇంటికి వచ్చేది. అమ్మకు అంతకన్నా మంచి వైద్యవృత్తి ఇంకొకటి ఉంటుందని అనిపించలేదు.

కానీ నేను ఇంకొకటి చూశాను. సాయంత్రం వేళకు అవ్వ కాఫీ కలిపి తెచ్చుకుని, గ్రైండర్ దగ్గర నిలబడి, తన చేత్తో స్విచ్ ఆపేది. కుక్క తలుపు దగ్గరికి దూకేది. తోక ఊపేది. అవ్వ కూడా ఆ తలుపు వైపు చూసేది. గ్లాసు గడప మీద పెట్టేది కాదు, తనే అక్కడ నిలబడి తాగేది. అంతా ఒక నిమిషం. తర్వాత కుక్క తోక నెమ్మదించేది. ఆమె దానికి అన్నం పెట్టేది. అది తినేది.

నాకు ఒళ్ళు మండింది. "దినమూ దాన్ని మోసం చేస్తా ఉండావు అవ్వా. నోరులేనిది. పాపం తగుల్తాది" అన్నాను.

"మోసమేంది పాపా? దినానికి ఒక నిమిషం సంతోషపడతాడు. నువ్విచ్చే మందులో అంత ఉండాదా?" అంది.

తర్వాత కొంచెం నెమ్మదిగా, "నాకు కూడా" అంది.

నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చెప్పాలంటే, చుట్టుపక్కల ఎక్కడ పనున్నా ఆ వేళకు అటువైపు వచ్చేలా చూసుకోవడం నాకూ అలవాటైంది. గ్రైండర్ ఆగేది, ముగ్గురం తలుపు వైపు చూసేవాళ్ళం. ఒక కుక్క, దాని యజమాని భార్య, దయ్యాలు లేవని నిరూపించిన డాక్టరమ్మ.

అలా కొన్నేళ్ళు గడిచాయి. పోయిన ఎండాకాలం దానికి మూత్రపిండాలు చెడ్డాయి. నా చేతనైనంతా చేశాను. మదురైకి తీసుకుపోయి చూపించారు. నీళ్ళు కూడా నిలవని స్థితి వచ్చింది. ఫోన్ ఈసారి కొడుకు చెయ్యలేదు, అవ్వే చేసింది.

"ఊసి తీసుకోని రా పాపా" అంది.

వెళ్ళేసరికి దాన్ని గోడ పక్కన పడుకోబెట్టి ఉన్నారు. కొడుకు బిడ్డను ఎత్తుకుని భార్యతో వాకిట్లోకి వెళ్ళిపోయాడు. తోలు ఎముకలకు అంటుకుపోయింది. గడ్డం గోడకు ఆనేలా అవ్వ దాని తల కింద దుప్పటి మడిచి పెట్టింది. గ్రైండర్ తిరుగుతోంది. లోపల బియ్యం ఉంది, ఆ రోజు కూడా. అవ్వ పక్కన కూర్చుని దాని వీపు మీద చెయ్యి వేసింది. నేను నరం వెతికి మందు ఎక్కించాను. ఆ పని ఆ పాటికి చాలాసార్లు చేశాను. దాని ఊపిరి ఒకటి పొడుగ్గా వచ్చింది. తర్వాత రాలేదు.

చనిపోయిందని చెప్పేముందు గుండె వినాలి. అది నియమం. స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని దాని పక్కటెముకల మీద ఆనించాను. లోపల ఏదో ఆడుతూనే ఉంది. గరగరమని, ఆగకుండా. ఒక్క క్షణం మందు పనిచెయ్యలేదనుకున్నాను. తర్వాత తెలిసింది, గోడ నుంచి, నేల నుంచి, దాని ఎముకల్లోంచి గ్రైండర్ వణుకు నా చెవుల్లోకి వస్తోంది. అది బతికినంతకాలం విన్న చప్పుడు నేను మొదటిసారి విన్నాను. దాని కింద గుండె ఉందో లేదో తెలియడం లేదు.

"అవ్వా, గ్రైండర్ ఆపితే గానీ చెప్పలేను" అన్నాను.

ఆమె లేచి వెళ్ళి స్విచ్ మీద చెయ్యి పెట్టింది. పెట్టి అలాగే నిలబడింది.

"ఆపితే లేస్తాడు గదా" అంది.

ఆమె కాసేపు దాని వైపు చూసి, స్విచ్ ఆపింది. రాయి ఇంకొంచెం తిరిగి ఆగింది. నా చెవుల్లో ఏమీ లేదు. కుక్క లేవలేదు. నేను దాని ఎదురొమ్ము మీద చెయ్యి అలాగే ఉంచాను గానీ చూస్తున్నది దాన్ని కాదు. అవ్వ కూడా దాన్ని చూడడం లేదు. ఇద్దరం వెనక తలుపు వైపు చూస్తున్నాం.